ఇంజను నాపిన పిమ్మట టర్బోచార్జరు చల్లాఱు విధము

టర్బోచార్జరు గల ఇంజనులు మన వరంగల్లు ప్రాంతపు పల్లెలలో నిప్పుడు అరుదుగావు. వరి కోయు హార్వెస్టరులలోను, ఎక్కువ హార్సుపవరు గల ట్రాక్టరులలోను, మిరపను ప్రత్తిని ఎనుమాముల మార్కెట్టునకు జేర్చు లారీలలోను ఈ పరికర మున్నది. దీని వెల సామాన్యమైనది కాదు. వెలకంటెను బాధాకరమైనది కాలనష్టము. పండిన వరి మడిలో నిలిచియుండగా, పడమట మబ్బు క్రమ్ముచుండగా, కోతయంత్రము పట్టణములో మేస్త్రీ షెడ్డున పడియున్నచో రైతునకు గలుగు వేదన రైతునకే తెలియును. అట్టి చేటునకు బీజము తఱచుగా పని నడుచుచుండగా గాక, పని ముగించి ఇంజను నాపిన తరువాతి కొలది నిమిషములలోనే పడుచున్నది.

ఈ విషయమున రైతు సోదరులు రెండు ప్రశ్నలు వేయుచుందురు. "దీని చుట్టును నీరు తిరుగుచున్నది గదా, ఇక భయమేల?" యని కొందఱు. "ఇంజను నిలిచినతోడనే నీటిపంపును నిలిచిపోవును గదా, అప్పుడు నీరుండియు నేమి లాభము?" అని మఱికొందఱు. రెండు ప్రశ్నలును సమంజసములే. వీనికి సమాధానము తెలిసికొన్నవానికి ఇంజను ఆపు పద్ధతి ఒకరు చెప్పకయే తెలియును.

టర్బో యనగా నేమి?

ఇంజను డీజిలును మండించుటకు గాలి కావలెను. గాలి ఎంత లభించునో అంతకు తగిన డీజిలు మాత్రమే చక్కగా మండును; మిగిలినది నల్లని పొగయై పోవును. కాబట్టి అదే పరిమాణముగల ఇంజనుచేత ఎక్కువ పని చేయింపవలెనన్నచో దానికి ఎక్కువ గాలిని కూర్చి పంపవలెను. ఇంజను నుండి వృథాగా బయటకు పోవు వేడిపొగ వేగమునే ఈ పనికి వినియోగించు ఉపాయమునకు స్విట్జర్లాండు దేశపు ఇంజనీరగు ఆల్ఫ్రెడ్ బూచి 1905లో పేటెంటు పొందెను.

దీనిలో ఒకే ఇరుసునకు రెండు కొనల రెండు చిన్న చక్రము లుండును. ఒక చక్రమును పొగ త్రిప్పును. అది తిరుగుటచే రెండవ కొనన ఉన్న చక్రమును తిరిగి, బయటి గాలిని లోనికి లాగి, ఒత్తి ఇంజనులోనికి పంపును. ఈ ఇరుసు నిమిషమునకు 1,00,000 చుట్లవఱకు, చిన్న టర్బోలలో అంతకు మించియు తిరుగును. పూర్తి బరువుతో పని చేయునప్పుడు డీజిలు ఇంజను పొగ 500 మొదలు 700 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు వేడెక్కును. చీకటిలో చూచినచో ఇనుము ఎఱ్ఱబాఱు వేడిమి యిది. అట్టి నిప్పునకు జానెడు దూరమైనను లేనిచోట ఇరుసు బేరింగులు పని చేయవలసియున్నవి.

ఈ బేరింగులలో ఇనుము ఇనుమును తాకరాదు. ఇంజను ఆయిలు పంపు ఒత్తిడితో పంపు నూనె, తలవెండ్రుకకంటె సన్నని పొరయై ఇరుసు చుట్టును నిలిచి, ఇరుసును తేల్చుచుండును. ఆ నూనెకు రెండు పనులు గలవు. ఒకటి, ఒరిపిడి లేకుండ చేయుట. రెండవది, వేడిని ఎప్పటికప్పుడు తీసికొని క్రిందనున్న ఆయిలు సంపునకు మోసికొనిపోవుట.

ఆపిన పిమ్మట జరుగునది

బరువుతో పరుగెత్తుచున్న ఇంజనును ఒక్కసారిగా నాపినచో రెండు కీడులు గలుగును. మొదటిది, ఆయిలు పంపు నిలిచిపోవును గాని టర్బో చక్రములు తమ వేగముచే ఇంకను కొంతసేపు తిరుగుచునే యుండును. ఆ కొలది సెకండ్లును బేరింగులు క్రొత్త నూనె లేకయే తిరుగవలసివచ్చును. రెండవది, ఇంతకంటె మోసకరమైనది. పొగవైపు చక్రములోను, దాని దళసరి పోతయినుప గూటిలోను నిలువయున్న వేడి, గాలియు నూనెయు కదలనందున, ఇరుసు వెంబడి బేరింగులవైపు ప్రాకును. కావున ఇంజను నాపిన పిమ్మట బేరింగుల వేడిమి తగ్గుటకు మాఱుగా కొన్ని నిమిషములవఱకు పెరుగుచునే పోవును. పొయ్యిలో కట్టెలు తీసివేసినను పొయ్యిమీది పెనము వెంటనే చల్లాఱదు గదా.

అచ్చట కదలక నిలిచిన నూనె గతి యేమి? బూరెలు వండిన మూకుడును నూనెతోనే పొయ్యిపై విడిచినచో అంచులవెంట నల్లని గట్టి పొర పట్టుటను మన యింటి ఆడవారు ఎఱుగుదురు. సుమారు 250, 300 డిగ్రీలకు మించిన లోహముపై నిలిచిన ఇంజను నూనెయు అట్లే మాడి బొగ్గుపొర యగును. ఒక్కసారి పట్టినది కంటికి గనబడదు. దినదినమును పట్టినచో సన్నని నూనెదారులు పూడుకొనిపోవును. రాలిన బొగ్గు నలుసులు ఆకురాయివలె బేరింగులను గీకును. తుదకు ఇరుసు వదులై, చక్రము గూటిని రాచుకొని, నూనె కారి, నీలిపొగ వెడలి, ఇంజను లాగుడు తగ్గును. అప్పుడు డ్రైవరు "నిన్నటివఱకు బాగుగనే యుండెను" అనును. అది ఒక్కనాటి రోగము కాదు. ఒక కోతకాలమంతయు కూడబెట్టిన రోగము.

పంపు లేకయే పాఱు నీరు

ఈ కీడును తగ్గించుటకే కొన్ని టర్బోల నడిమి గూటిలో బేరింగుల చుట్టును నీటి యఱలు పోతపోసి, రెండు గొట్టములతో ఇంజను నీటిమార్గమునకు కలిపిరి. ఇంజను నడుచునప్పుడు పంపు ఆ నీటిని త్రిప్పును. అయితే నడుచునప్పుడు నూనెయే చాలవఱకు చల్లబఱచుచుండును. నీటి ముఖ్యోపయోగము ఇంజను నిలిచిన తరువాతనే.

పంపు నిలిచినను నీ రెట్లు కదలును? వేడెక్కిన నీరు వ్యాపించి తేలికయగును. చల్లని నీరు బరువైనది. తేలికనీరు పైకి లేచిన తోడనే దాని స్థానమును బరువునీరు క్రిందినుండి ఆక్రమించును. పాకాల చెఱువు నీరు తూముగుండ ఏ పంపును లేకయే పల్లమునకు పాఱునట్లు, ఇచ్చటను బరువే నీటిని నడిపించుచున్నది. వేడి యున్నంతసేపు ఈ తిరుగుడు దానంతట అదియే సాగును. దీనిని థర్మోసైఫను అందురు. హనుమకొండ మిద్దెలమీద సూర్యరశ్మితో నీరు కాచు పరికరములను చూడుడు. పలకలు క్రిందను, తొట్టి పైనను ఉండును. పలకలలో కాగిన నీరు పంపు లేకయే తొట్టిలోని కెక్కును. ఫోర్డు కంపెనీ 1908లో వెలువరించిన మోడల్ టి కారులలో, మొదటి కొన్ని తప్ప, మిగిలినవాని కన్నిటికిని నీటిపంపే లేదు. ఇంజను నంతను ఈ సూత్రమే చల్లబఱచెను.

ఒకవేళ యఱలోని నీరు మఱగినను మేలే గాని కీడు లేదు. ఒక కిలో నీటిని 20 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు కాచుటకు 80 పాళ్ళ వేడిమి పట్టినచో, ఆ మఱగునీటిని పూర్తిగ ఆవిరి చేయుటకు 540 పాళ్ళు పట్టును. అనగా చిన్న యఱలోని కొలది నీరును ఆవిరియై ఎంతో వేడిని హరించును. ఆవిరి పైనున్న తొట్టిలో మఱల నీరగును. ఇంజను నాపిన పిమ్మట బుడబుడమని వినబడు ధ్వని ఒక్కొక్కప్పుడు ఇదియే. నీటిమట్టము తగ్గనిచో దానికి భయపడ నక్కఱలేదు.

అయితే ఈ సహజ ప్రవాహమునకు మూడు నియమములు గలవు. నీరు నిండుగ నుండవలెను. టర్బోనుండి పైకి పోవు గొట్టము నడుమ క్రుంగక, మడతపడక ఎక్కుచు పోవలెను. దారిలో గాలిబుడగ నిలువరాదు. గొట్టములు మార్చిన తరువాతను, నీరు దింపి క్రొత్తనీరు పోసిన తరువాతను, మేస్త్రీచేత గాలి తీయింపనిచో యఱలో నీటికి మాఱుగా గాలి నిలుచును. అప్పుడు నీటి టర్బోయు పొడి టర్బోయే. క్రొత్త కారులు కొన్నిటిలో ఇంజను నిలిచిన పిదప కొన్ని నిమిషములు నీటిని త్రిప్పుటకు బ్యాటరీతో నడుచు చిన్న పంపును అమర్చిరి. అట్టి బండిలో తాళము తీసిన తరువాత వినబడు మ్రోత లోపము కాదు. ఆ సమయమున బ్యాటరీ తీగను తీయరాదు.

మన ఇంజనునకు నీటి గొట్టములు కలవా?

టర్బో యున్న ఇంజనుల కన్నిటికిని ఈ నీటియఱ యుండదు. ట్రాక్టరు టర్బోలలో పెక్కు నూనెతోను గాలితోను మాత్రమే చల్లబడునవి. తెలిసికొను మార్గము సులభము. ఇంజను పూర్తిగ చల్లాఱిన తరువాత టర్బో నడిమిభాగమునకు వచ్చు గొట్టములను లెక్కింపవలెను. పైనుండి వచ్చు సన్నని గొట్టము నూనె తెచ్చునది. క్రిందికి దిగు లావు గొట్టము నూనె దింపునది. ఈ రెండుగాక ప్రక్కలనుండి మఱి రెండు గొట్టములు రేడియేటరు నీటిమార్గమునకు పోవుచున్నచో అది నీటి టర్బో. రెండే యున్నచో నీటి సాయము లేదు. అట్టి ఇంజనును ఆపుటలో మఱింత ఓర్పు వహింపవలెను. నీటి టర్బోయైనను కొంత తప్పును మన్నించునే గాని, ప్రతిదినపు తప్పును మన్నింపదు.

ఎంతసేపు మందముగ నడుపవలెను?

పని ముగిసిన తరువాత బరువు తీసి, ఆక్సిలేటరు తగ్గించి, ఇంజనును స్లోలో నడిపినచో పొగ వేడిమి 200 డిగ్రీల లోపునకు దిగును. చక్రముల వేగము తగ్గును. నూనెయు నీరును తిరుగుచునే యుండి నిలువవేడిని మోసికొనిపోవును. బరువు పనికి తరువాత 2 మొదలు 5 నిమిషములు చాలును. ఇంజనుతో వచ్చిన పుస్తకములో వేఱుగ చెప్పియున్నచో దానినే పాటింపవలెను. మడినుండి ఇంటికి ఖాళీగా మెల్లగ నడిపికొని వచ్చిన ట్రాక్టరు దారిలోనే చాలవఱకు చల్లబడును. దానికి ఒక నిమిషము చాలును. రోటవేటరుతో దమ్ము చేసిన ట్రాక్టరునకును, నిండు బరువుతో మిట్ట నెక్కిన ట్రాలీకిని, వరుస ముగించిన హార్వెస్టరునకును పూర్తి కాలము కావలెను.

ఖర్చు లెక్క చూతము. స్లోలో ఇంజను గంటకు 2 లీటర్ల డీజిలు త్రాగునని యనుకొన్నను, 3 నిమిషములకు 100 మిల్లీలీటర్లు మాత్రమే; ఒక చిన్న గ్లాసెడు. ఈ గ్లాసెడు డీజిలును మిగిల్చి టర్బోను పోగొట్టుకొనుట విత్తనపుగింజలు వండుకొని తినుటవంటిది. అట్లని అరగంట స్లోలో విడుచుటయు మంచిది కాదు. డీజిలు వృథాయగుటయే గాక, చల్లని ఇంజనులో సరిగా మండని డీజిలు జాఱి నూనెను పలుచన చేయును.

ఆకస్మికముగా నిలిచినప్పుడు

గడ్డి యడ్డుపడియో, బురదలో దిగబడియో బరువుమీద ఇంజను తానే నిలిచిపోవుట కలదు. అట్టి సమయమున మొదట మనుష్యు లెవ్వరును కత్తెరలవద్ద, పట్టాలవద్ద లేకుండుట చూచి, గేరును పనిముట్టును విడిపించి, ఇంజనును వెంటనే మఱల ప్రారంభించి కొన్ని నిమిషములు స్లోలో నడుపవలెను. అడ్డుపడిన గడ్డిని ఆ తరువాత ఇంజను ఆపి, తాళము తీసి మాత్రమే లాగవలెను.

వేడిముల్లు ఎఱ్ఱగీతను చేరినప్పుడు రెండు త్రోవలు గలవు. నీరున్నది, ఆయిలు ఒత్తిడి యున్నది, రేడియేటరు జాలి గడ్డితో మూసికొనినది మాత్రమే యైనచో, బరువు తీసి స్లోలో నడిపి ముల్లు దిగుదాక వేచియుండవలెను. ముల్లు దిగక ఎక్కుచునే యున్నను, నీటిగొట్టము పగిలినను, ఫ్యాను బెల్టు తెగినను, ఆయిలు దీపము వెలిగినను క్షణమైన ఆలసింపక ఆపవలెను. అప్పుడు టర్బోకంటె ఇంజను ముఖ్యము.

చేయరాని పనులు

కాగియున్న టర్బోపై నీరు చల్లుట, తడిగోనె కప్పుట కూడదు. పోతయినుము ఒక్కసారిగ చల్లబడినచో పగులును. చల్లబఱచు నీరు లోపల తిరుగవలసినదే గాని పైనుండి పోయవలసినది కాదు.

రేడియేటరు మూతను వేడిమీద విప్పరాదు. మూత బిగువుచే లోని నీరు 100 డిగ్రీలు దాటియు మఱగక యుండును. మూత విప్పినంతనే ఒత్తిడి పోయి, నీరు ఒక్క పెట్టున ఆవిరియై ముఖముమీదికి ఎగజిమ్మును. చేయి మోపగలిగినంత చల్లాఱిన తరువాతనే, గుడ్డ వేసి మెల్లగ విప్పవలెను. ఈ తొందరపాటువలన కన్నులు పోగొట్టుకొను ప్రమాదమున్నది.

టర్బోపైన, పొగగొట్టముపైన గడ్డి, తాలు, దూగర పేరుకొననీయరాదు. యాసంగి కోతనాటి ఎండలో ఎండుగడ్డికి ఈ వేడి చాలును. కోతయంత్రమును, మడిని గూడ అగ్ని దహింపవచ్చును. ఆపిన యంత్రమును గడ్డివాము ప్రక్కను నిలుపరాదు.

నీరు, నూనె

బావినీరును బోరునీరును రేడియేటరులో పోయు నలవాటు మానవలెను. నీళ్ళు కాచిన బిందె అడుగున పట్టు తెల్లని పొరయే టర్బో నీటియఱలోను పట్టును. ఆ పొర వేడిని నీటికి చేరనీయదు. పుస్తకములో చెప్పిన కూలెంటును, ఉప్పు లేని డిస్టిల్డు నీటితో చెప్పిన పాళ్ళలో కలిపి పోయవలెను. కూలెంటు చలిదేశముల కొఱకే యనుట సరికాదు. అది త్రుప్పు పట్టనీయదు, నీరు మఱగు వేడిమిని పెంచును.

నూనెను మీటరు గంటల ప్రకారము మార్చవలెను. టర్బో డీజిలు ఇంజనునకు తగిన గ్రేడునే వాడవలెను. ముదిసిన నూనె త్వరగా మాడును. ఉదయమున ప్రారంభించునప్పుడును ఒక నిమిషము స్లోలో నుంచి, నూనె టర్బోను చేరిన పిదపనే బరువు వేయవలెను.

సహకార సంఘములు చేయదగిన ఏర్పాటు

ఇంతవఱకు చెప్పినది డ్రైవరుల కందఱకును కొంత తెలిసినదే. అయినను ఆచరణలో లేకపోవుటకు కారణము అజ్ఞానముకంటె బాడుగ లెక్కయే. కోతయంత్రమునకు గంటల లెక్కన బాడుగ. చివరి మూడు నిమిషములు ఎవరి ఖాతాలో పడవలెనను వివాదము వచ్చును. రైతు "కోత ముగిసినది, ఆపుము" అనును. డ్రైవరు మాటపడనేల యని ఆపివేయును. ఆపినవాడు వేఱు, బాగుచేయించువాడు వేఱు. ఉమ్మడి యంత్రమైనచో నష్టము సభ్యులందఱిమీదను పడును. ఆపుమని తొందరచేసిన రైతుమీదను పడును.

కావున యంత్రములుంచుకొన్న సంఘములు సర్వసభ్య సమావేశమున ఒక తీర్మానము చేసికొనుట మేలు. చల్లాఱు 3 నిమిషములను బాడుగలో చేర్చక, ఆ ఖర్చును సంఘమే భరించునని నిర్ణయించినచో వివాదము తీఱును. మీటరు పఠనమును పని ముగిసిన క్షణముననే వ్రాసికొని, పిదప ఇంజనును చల్లార్చవచ్చును. ఆపిన వేళ, నీటిమట్టము, నూనెమట్టము వ్రాయుటకు యంత్రముతో ఒక పుస్తక ముండవలెను. మన ప్రాంతముననే 1956లో స్థాపితమైన ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు మరియు మార్కెటింగు సంఘము వంటివి నిలిచి పెరిగినది సభ్యులు ఉమ్మడి సొత్తును తమ సొంతముగ నెంచినందుననే. ఆ భావమునకు పరీక్ష సమావేశములలో కాదు, మడి గట్టుమీదనే.

గోడకు అంటించుకొనదగిన నియమములు

1. పని ముగిసినతోడనే బరువు తీసి, ఆక్సిలేటరు పూర్తిగ తగ్గింపవలెను.
2. బరువు పనికి తరువాత 2 మొదలు 5 నిమిషములు స్లోలో నడిపి ఆపవలెను.
3. ఆపునప్పుడు ఆక్సిలేటరు నొక్కి ఇంజనును గర్జింపజేయరాదు.
4. బరువుమీద నిలిచినచో, మనుష్యులు దూరముగ నున్నది చూచి, వెంటనే ప్రారంభించి స్లోలో నుంచవలెను.
5. కాగిన టర్బోపై నీరు పోయరాదు. వేడి రేడియేటరు మూత విప్పరాదు.
6. ప్రతి ఉదయము, చల్లని ఇంజనులో, కూలెంటు మట్టమును నూనె మట్టమును చూడవలెను.
7. నీటిగొట్టములు విప్పి బిగించినప్పుడెల్ల గాలి తీయింపవలెను.
8. టర్బో చుట్టును గడ్డి, దూగర ఏ పూటకాపూట తుడువవలెను.

ఆలస్యము అమృతమునైనను విషము చేయునని పెద్దలందురు. ఎరువు వేయుటలో, విత్తుటలో, కోతలో అది నిజము. ఇంజను నాపుటలో మాత్రము మూడు నిమిషముల ఆలస్యమే అమృతము.